ఇల్లు అన్నయ్య పేరున, డబ్బు ముగ్గురిదీ. కోర్టుకెళ్తే నిలబడుతుందా?

ఒంగోలు_చిన్నమ్మాయి

ఒంగోలులో మా ఇల్లు. 200 గజాలు, కింద రెండు గదులు, పైన ఒక పోర్షన్. 2006లో స్థలం కొన్నాం, 2007లో గృహప్రవేశం. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 4 లక్షలు పెట్టారు. చిన్నన్నయ్య దుబాయ్ నుంచి 5 లక్షలు పంపాడు. నాకప్పటికి పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి దాచుకున్న 3 లక్షలు నేను పంపాను. అందులో లక్షన్నర స్లాబు వేసే వారంలోనే వెళ్లింది. ఇంకో 6 లక్షలు బ్యాంకు లోను. పెద్దన్నయ్యది గవర్నమెంటు ఉద్యోగం, లోను ఆయనకైతేనే తొందరగా వస్తుందన్నారు. స్థలం కూడా ఆయన పేరునే ఉండాలన్నారు. అలా రిజిస్ట్రేషన్ ఆయన ఒక్కడి పేరున అయిపోయింది.

"ఎవరి పేరున ఉంటే ఏముందే, ఇల్లు మీ ముగ్గురిదీ" అన్నారు నాన్న. ఆయన 2014లో పోయారు. అమ్మ పోయినేడు పోయింది. మొన్న సంవత్సరీకం అయ్యాక భోజనాల దగ్గర చిన్నన్నయ్య ఇంటి సంగతి కదిపాడు. పెద్దన్నయ్య "దస్తావేజు ఎవరి పేరున ఉందో చూసుకోండి" అని, సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

నాకు ఇల్లు కావాలని కాదు. నాన్న మాట అబద్ధమైపోతుందేమోనని బాధ. ఇలాంటివి కోర్టులో నిలబడతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

బందరు_లడ్డు

రిజిస్ట్రేషన్ ఎవరి పేరునుంటే వాళ్లదే. మా మేనమామ ఇలాగే 11 ఏళ్లు తిరిగి చెప్పులరగదీసుకున్నాడు. వదిలేసి ప్రశాంతంగా ఉండండి.

తెనాలి_టీచర్

వదిలేయమని చెప్పడం తేలిక లడ్డు గారూ. ఆ అమ్మాయి పెళ్లికి ముందు దాచుకున్న డబ్బది. ఆడపిల్ల అడిగితే చాలు, అందరూ శాంతి పాఠాలు మొదలుపెడతారు.

నల్లకోటు_నెల్లూరు

సివిల్ వైపు 22 ఏళ్ల ప్రాక్టీసు నాది. కాగితాలు చూడకుండా తీర్పు చెప్పను. దారి మాత్రం చెబుతాను.

లడ్డు గారి మాట సగమే నిజం. దస్తావేజు మీద ఉన్న పేరే సొంతదారు అని కోర్టు మొదట అనుకుంటుంది. అది తప్పని చూపించే భారం మీ మీద ఉంటుంది. అయితే అక్కడితో అయిపోదు. మన ట్రస్టు చట్టం 1882 నాటిది. దాని సెక్షన్ 3 ప్రకారం ట్రస్టంటే ఒక ఆస్తి యాజమాన్యానికి అంటుకుని వచ్చే బాధ్యత. పేరు నాది, మేలు ఇంకొకరిది. నన్ను నమ్మి నా పేరున పెట్టారు కాబట్టి ఆ నమ్మకం మేరకే నేను ఆస్తిని వాడాలి. అన్నదమ్ముల తగాదాలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి. ఆయన పేరున పెట్టింది ఆయనకిచ్చేయడానికా, అందరి తరఫున ఉంచడానికా?

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ప్లెయింటులో, అంటే కోర్టుకిచ్చే దావా కాగితంలో, "మేం డబ్బిచ్చాం, అన్న పేరున కొన్నాం" అని మాత్రమే రాసి ఊరుకుంటే 1988 బేనామీ చట్టం సెక్షన్ 4 అడ్డం పడుతుంది. బేనామీగా ఉంచిన ఆస్తి నాదేనని అడిగే దావాలను ఆ సెక్షన్ ఆపేస్తుంది. ట్రస్టు చట్టంలోని 81, 82, 94 సెక్షన్లను కూడా ఆ బేనామీ చట్టమే రద్దు చేసింది. 82 ఉన్న రోజుల్లో డబ్బు ఎవరిదో ఆస్తి వారి మేలు కోసమేనని వాదించడం సులువుగా ఉండేది. ఇప్పుడా దారి మూసుకుపోయింది.

తెరిచి ఉన్న దారి ఒకటుంది. ట్రస్టీగా గానీ, నమ్మకపు బాధ్యతలో ఉన్న మనిషిగా గానీ మరొకరి మేలు కోసం ఉంచుకున్న ఆస్తి ఆ నిషేధం కిందికి రాదు. పాత చట్టంలో అది 4(3)(బి). 2016 సవరణ తర్వాత నిర్వచనంలోనే మినహాయింపుగా ఉంది. కోర్టు భాషలో "ఫిడ్యూషియరీ" అంటారు. మీ కేసు బతికినా పోయినా ఆ ఒక్క మాట మీదే.

సీమ_పిల్లోడు

ఫిడ్యూషియరీ అంటే ఏందన్నా, నోరు తిరగడం లేదు.

నల్లకోటు_నెల్లూరు

ఊరెళ్తూ తాళంచెవి పక్కింటి వాళ్లకిస్తాం చూడు తమ్ముడూ, ఆ తాళంచెవి పుచ్చుకున్న మనిషి.

సీమ_పిల్లోడు

అట్లయితే మా పక్కింటి పెద్దమ్మ ఊరందరికీ ఫిడ్యూషియరీనే. ఆమె గోడకు పదిహేను తాళాలుంటాయి. అర్థమైంది అన్నా.

పెద్దకొడుకు_1971

నేను కూడా పెద్దన్నయ్యనే కాబట్టి రాస్తున్నాను. ఎవరికైనా కష్టంగా అనిపిస్తే మన్నించండి.

మా ఇల్లూ నా పేరునే ఉంది. తమ్ముళ్లు తలా రెండు లక్షలిచ్చారు, నిజమే. 15 ఏళ్లు నెలనెలా వాయిదా కట్టింది ఎవరు? అమ్మకు తుంటి విరిగితే ఆరు నెలలు మంచం దగ్గర ఉన్నది ఎవరు? మోటారు కాలిపోయినా, గోడ నెమ్మెక్కినా, మునిసిపాలిటీ వాడు వచ్చినా నేనే. వాళ్లు సంక్రాంతికి వచ్చి ముగ్గులు చూసి వెళ్లేవాళ్లు. ఇప్పుడు గజం రేటు పెరిగాక మూడు భాగాలంటే నా గుండె మండదా? ఆ పెద్దన్నయ్య చెయ్యి కడుక్కుని లేచాడంటే దాని వెనక కూడా ఏదో ఉండి ఉంటుంది.

ఒంగోలు_చిన్నమ్మాయి

అన్నగారూ, కష్టమేం లేదు. మా వదిన అమ్మను చూసుకున్నంత బాగా నేను చూసుకోలేకపోయేదాన్ని. అది నా మొహం మీద చెప్పినా ఒప్పుకుంటాను. లోను కూడా పెద్దన్నయ్యే కట్టాడు. మేం అడిగింది ఇల్లు ముగ్గురిదీ అన్న మాటే. ఎవరి వంతు ఎంత అన్నదాకా మాట వెళ్లనే లేదు.

నల్లకోటు_నెల్లూరు

పెద్దకొడుకు గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి ట్రస్టు చట్టంలోనే జవాబుంది. నమ్మకంతో ఆస్తి ఉంచుకున్న మనిషి దాని కోసం న్యాయంగా పెట్టిన ఖర్చు తిరిగి తీసుకోవచ్చు. ట్రస్టీకి సెక్షన్ 32 ఆ హక్కు ఇస్తుంది. సహ యజమాని గురించి చెప్పే సెక్షన్ 90లో కూడా మిగతావాళ్లు తమ వంతు ఖర్చు చెల్లించాలనే ఉంది. వాయిదాలు, రిపేర్లు, ఇంటిపన్ను అన్నీ లెక్కలోకి వస్తాయి. "నువ్వేమీ పెట్టలేదు" అని ఎవరూ అనరు. "పెట్టింది లెక్క చూపించు, మిగిలింది పంచు" అంటారు.

అమ్మను చూసుకున్న సేవకు కోర్టు రేటు కట్టదు. దాన్ని ఇంట్లోవాళ్లే గుర్తించాలి.

చిన్నమ్మాయి గారూ, నాలుగు సంగతులు చెప్పండి. మీ డబ్బు వెళ్లినట్టు కాగితం ఉందా? మీ నాన్నగారు ఎక్కడైనా రాసి పెట్టారా? పై పోర్షన్ అద్దె ఎవరు తీసుకున్నారు? ఇంటిపన్ను ఎవరు కట్టారు?

లెస్టర్_తెలుగోడు

మాది ఇంగ్లండు సంగతి. పోలిక కోసం చెబుతున్నా.

నేనూ తమ్ముడూ కలిసి 2013లో ఇక్కడ ఇల్లు కొన్నాం. కొనేటప్పుడు టీఆర్1 అనే ఫారంలో ఒక గడి ఉంటుంది. ఇద్దరూ కలిపి ఉంచుకుంటారా, సమాన వాటాలా, వేరే లెక్కా అని అందులో టిక్కు పెట్టాలి. మా సొలిసిటరు ఆ గడి దగ్గర వేలు పెట్టి, "ఇప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడుకోండి, తర్వాత ఐదేళ్లు కోర్టులో మాట్లాడుకోనక్కర్లేదు" అన్నాడు. తమ్ముడిది డిపాజిట్ ఎక్కువ. 60కి 40 అని రాసి సంతకాలు పెట్టాం. నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. అన్నదమ్ముల మధ్య కాగితమేంటని అమ్మ ఫోన్లో ఏడ్చింది కూడా. మా ఇద్దరికీ మాటపట్టింపు వచ్చి ఇల్లు అమ్మేసిన రోజున ఆ గడి ఒక్కటే మమ్మల్ని కాపాడింది.

ఆ గడి ఖాళీగా వదిలేసినవాళ్ల కేసులు ఇక్కడ పెద్దపెద్దవి ఉన్నాయి. 2007లో స్టాక్ వర్సెస్ డౌడెన్ కేసు అప్పటి పైకోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. ఇద్దరి పేర్లూ ఉంటే చెరి సగం అని మొదలుపెట్టి, వాళ్ల మనసులో అసలు ఏముందో మొత్తం కాపురం చూసి తేలుస్తారు. ఆ కేసులో ఆమెకు 65, అతనికి 35 వచ్చింది. 2011లో జోన్స్ వర్సెస్ కెర్నాట్ అయితే 90కి 10. అతను ఇల్లు వదిలి వెళ్లిపోయిన ఏళ్లన్నీ ఆమే తంటాలు పడింది కాబట్టి. ఇంటి మీద ఉమ్మడి హక్కున్న ఎవరైనా అమ్మించమనో, వాటా తేల్చమనో 1996 నాటి ట్రస్ట్స్ ఆఫ్ లాండ్ చట్టం సెక్షన్ 14 కింద కోర్టుకెళ్లొచ్చు. ఆ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల బాగు కూడా జడ్జి చూడాల్సిందే.

చిన్నమ్మాయి గారి ఇల్లు ఇక్కడ ఉండి ఉంటే ఆమె కేసు ఇంకా తేలిక.

నల్లకోటు_నెల్లూరు

తేలికే. అయినా ఆ తీర్పులు పట్టుకుని ఒంగోలు కోర్టుకు వెళ్లకండి. అక్కడ బేనామీ చట్టం లాంటి అడ్డుగోడ లేదు కాబట్టి కోర్టు నేరుగా ఉద్దేశం వెతుకుతుంది. ఇక్కడ ముందు ఆ గోడ దాటాలి. ఉద్దేశం సంగతి ఆ తర్వాత.

గోడ దాటిన కేసు మనకూ ఉంది. 2012లో సుప్రీంకోర్టు చెప్పిన మార్సెల్ మార్టిన్స్ కేసు. బెంగళూరులో కార్పొరేషన్ ఇల్లు, తల్లి అద్దెకు ఉండేది. ఆమె పోయాక ఇల్లు ఒక్క మనిషి పేరుకే బదిలీ అయ్యే పరిస్థితి. కొడుకు పేరున తీసుకున్నారు. డబ్బులో మిగతా కుటుంబ సభ్యులదీ ఉంది. తర్వాత ఆ కొడుకు నాదే అన్నాడు, బేనామీ చట్టం చూపించాడు. అతను కుటుంబం నమ్మకం మీద ఆ పేరు మోస్తున్నాడు కాబట్టి సెక్షన్ 4 అతనికి అండ కాదని సుప్రీంకోర్టు అంది. రక్తసంబంధం ఉంటే చాలదు, ఆ పరిస్థితులన్నీ కలిపి చూడాలని కూడా అంది. ఒక్కరి పేరునే ఎందుకు పెట్టాల్సి వచ్చిందన్న కారణం ఆ కేసులో స్పష్టంగా ఉంది. మీకు లోను అలాంటి కారణమే.

2019లో పవన్ కుమార్ వర్సెస్ బాబూలాల్ కేసు కూడా గుర్తుంచుకోండి. ఇలాంటి దావాను బేనామీ చట్టం పేరు చెప్పి గుమ్మంలోనే కొట్టేయకూడదు, సాక్ష్యం విని తేల్చాలి అంది సుప్రీంకోర్టు.

బందరు_లడ్డు

ఇది నాకు తెలియదు. మా మేనమామ ప్లెయింటులో బహుశా ఆ నమ్మకం మాట రాసి ఉండరు. కొట్టేశారంటే ఇప్పుడు అర్థమవుతోంది. నా మొదటి పోస్టు తొందరపడి రాసింది, చిన్నమ్మాయి గారూ.

కరీంనగర్_మల్లన్న

మా దిక్కు ఇంటి లొల్లి కన్నా భూమి లొల్లే ఎక్కువ. మా తాత పోయినంక 7 ఎకరాలు మా పెద్దనాన్న పేరు మీద పట్టా అయింది. ఇంటికి పెద్దోడు కదా అని. నలుగురు అన్నదమ్ములు కలిసే దున్నుకున్నరు, ఎవరి చెలక వాళ్లకుంది. 2018ల రైతుబంధు వచ్చినంక మొదలైంది పంచాయితీ. ఎకరానికి 4 వేలు, పైసలన్నీ పెద్దనాన్న ఖాతాల పడ్డయి. మా నాన్న పత్తి పెట్టిన చేనుకు కూడ పైసలు ఆయనకే. తర్వాత భూమి లెక్కల వెబ్‌సైటు ధరణి వచ్చింది, అండ్ల ఆయన ఒక్కని పేరే ఎక్కింది. ఇప్పుడు ఆయన కొడుకులు పాసుబుక్కు చూపెట్టి మాదే అంటున్నరు.

రిటైర్డ్_రెవెన్యూ

మల్లన్నా, పట్టాదారు పాసుబుక్కు, పహాణీ, 1బి ఇవన్నీ శిస్తు కోసం, సర్కారు లెక్క కోసం పుట్టిన రాతలు. హక్కును చూపించడానికి సాయం చేస్తాయి గానీ హక్కును పుట్టించవు. 31 ఏళ్లు ఆ రాతలు రాసినవాణ్ణి నేను. పెద్దవాడి పేరు రాయడం మాకు కూడా సులువు. నలుగురి పేర్లు రాయాలంటే నలుగురినీ పిలవాలి, పంచనామా చేయాలి. ఆ సులువు కోసం ఎన్ని కుటుంబాల్లో చిచ్చు పెట్టామో ఇప్పుడు తలచుకుంటే నిద్ర పట్టదు.

లాయరు గారు చెప్పిన సెక్షన్ 90లో ఒక ఉదాహరణ ఉంది. సర్వీసులో ఉండగా ఎవరో చూపించారు. ఊరు ఒక హిందూ కుటుంబానిది. అందులో ఒకడు సర్కారుకు నజరానా (కానుక సొమ్ము) కట్టి ఇనాందారుగా, అంటే ఇనాం హక్కుదారుగా, తన ఒక్కడి పేరు ఎక్కించుకుంటాడు. చట్టం ఏమంటుందంటే, ఆ ఊరు అతను తన కోసమూ, మిగతా కుటుంబం కోసమూ కూడా ఉంచుకున్నట్టే. 1882లో రాసిన మాట అది. నజరానా పోయింది, ధరణి వచ్చింది, మనిషి బుద్ధి మాత్రం అక్కడే ఉంది.

నల్లకోటు_నెల్లూరు

రెవెన్యూ గారు చెప్పింది ముత్యంలాంటి మాట. ఒక్కటి కలుపుతాను. అవిభక్త హిందూ కుటుంబంలో వాళ్లలో వాళ్లకుండే సంబంధాల జోలికి రానని ట్రస్టు చట్టం మొదటి సెక్షన్‌లోనే చెప్పుకుంది. కాబట్టి మల్లన్న కేసులో ముందు వాదన హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఉమ్మడి ఆస్తి, భాగపంపిణీ. 90 వెనక నుంచి బలం ఇస్తుంది. ఒక సహ యజమాని సాగులో ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. "మీకు హక్కు లేదు, నాది మాత్రమే" అని బహిరంగంగా గెంటేసిన రోజు నుంచే ఎదురు స్వాధీనం (ఏళ్ల తరబడి పట్టుకుని ఉన్నందుకే ఆస్తి తనదవడం) లెక్క మొదలవుతుంది. పెద్దనాన్న కొడుకులు ఆ మాట ఎప్పుడు అన్నారో తేదీ రాసి పెట్టుకోండి.

మీ మేనత్తలున్నారా మల్లన్నా? ఉంటే వాళ్లనూ దావాలో చేర్చాలి.

కరీంనగర్_మల్లన్న

ఇద్దరున్నరు సార్. వాళ్లకు పసుపు కుంకుమ కింద అప్పుడే ఇచ్చినం అంటరు మావోళ్లు.

తెనాలి_టీచర్

పసుపు కుంకుమ కింద ఇచ్చాం అన్న మాట మా ఇంట్లోనూ విన్నాను. రెండు తులాల గొలుసు ఇచ్చి రెండెకరాలు తీసుకోవడం ఎక్కడి లెక్క? ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వమే 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు అంది. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం వదిలేసింది. నాకు అప్పటికి పెళ్లయి నాలుగు నెలలు! 2005లో కేంద్రం చట్టం మార్చాక ఆ గీత చెరిగింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న మెలిక కూడా తీసేసింది. మా అన్నదమ్ములతో పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడాను. వాటా తక్కువే తీసుకున్నాను. ఇచ్చిందాన్ని మాత్రం కాగితం మీద నా వాటా అనే రాయించుకున్నాను, పసుపు కుంకుమ అని కాదు.

అనకాపల్లి_బెల్లం

మాది అసలు ట్రస్టు డీడే ఉన్న కేసు. తాతయ్య గోదాము, రెండు షాపులు కలిపి 1994లో రిజిస్టర్డ్ ప్రైవేటు ట్రస్టు రాశారు. మా బాబాయి ట్రస్టీ. అద్దెలు వసూలు చేసి మనవలు ఆరుగురికీ సమానంగా పంచాలి. మొదటి పదేళ్లు ఉగాదికి కవరు వచ్చేది. తర్వాత కవరు పలచబడింది. 2015 నుంచి ఆగిపోయింది. అడిగితే "అప్పులున్నాయి, నాకు తెలుసులే" అనేవాడు.

సెక్షన్ 57 కింద లబ్ధిదారుకు ట్రస్టు కాగితాలు, లెక్కలు చూసుకునే, నకళ్లు తీసుకునే హక్కుంది. నోటీసు ఇచ్చాం. బాబాయి ఒక బిగ్‌షాపర్ సంచి నిండా రసీదులు తెచ్చి గుమ్మంలో కుమ్మరించి వెళ్లిపోయాడు. మా చెల్లీ నేనూ రెండు ఆదివారాలు నేల మీద కూర్చుని ఏడాది ప్రకారం సర్దాం. ఒక షాపు తన బావమరిదికి సగం అద్దెకు ఇచ్చాడని అప్పుడు తేలింది. ట్రస్టీ ఆ ఆస్తిని తన లాభానికి వాడుకోకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది.

డీడులో "తగాదా వస్తే మధ్యవర్తి తేల్చాలి" అని రాసుంటే సంతోషపడ్డాం. అదీ చెల్లలేదు. ట్రస్టు చట్టం కింద వచ్చే తగాదాలు మధ్యవర్తిత్వానికి పనికిరావు, సివిల్ కోర్టుకే వెళ్లాలని 2016లో విమల్ కిశోర్ షా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కోర్టులో మాకు ఆరేళ్లు పట్టింది. చివరికి బాబాయి తప్పుకున్నాడు, కొత్త ట్రస్టీ మా చెల్లి. ఇప్పుడు ఉగాదికి కవరుతో పాటు లెక్కల కాగితం కూడా వస్తుంది, స్టేపుల్ చేసి.

సీమ_పిల్లోడు

కవరు పలచబడింది అన్న మాట చదివి మా మామ గుర్తొచ్చినాడు. పండగ కవరు ఏటేటా తేలికైపోతా ఉంది.

నల్లకోటు_నెల్లూరు

బెల్లం గారి పోస్టు చదివి ఎవరూ పొరబడకండి. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 92 అని కొందరు ప్లీడర్లు చెబుతుంటారు. అది గుళ్లు, సత్రాల్లాంటి ప్రజా ట్రస్టులకు. ఇంటి ట్రస్టుకు మామూలు దావానే.

ఒంగోలు_చిన్నమ్మాయి

లాయరు గారు అడిగినవన్నీ వెతికాను. రెండు రోజులు పట్టింది.

నా 3 లక్షల్లో లక్షన్నరకు బ్యాంకు పాసుబుక్కులో ఎంట్రీ ఉంది, నాన్న ఖాతాకు వెళ్లినట్టు. మిగతాది చేతికిచ్చాను, కాగితం లేదు. చిన్నన్నయ్యవి దుబాయ్ నుంచి వచ్చిన రసీదులు మూడు దొరికాయి.

పై పోర్షన్ అద్దె 2008 నుంచి అమ్మ ఖాతాలోనే పడేది. అమ్మ పోయేదాకా పెద్దన్నయ్య దాన్ని ముట్టుకోలేదు. ఇంటిపన్ను ప్రతి ఏప్రిల్లో పెద్దన్నయ్యే కట్టి, రసీదు ఫొటో మా ముగ్గురి గ్రూపులో పెట్టి "తలా ఇంత" అని రాసేవాడు. మేం పంపేవాళ్లం. 2022దాకా ఆ మెసేజ్‌లున్నాయి.

ఇంకోటి. నాన్న చిట్టా పుస్తకం. ఎర్ర బట్ట అట్ట, పొడుగ్గా ఉంటుంది, మొదటి పేజీలో శ్రీరామ అని రాసి నాలుగు మూలలా పసుపు పెట్టారు. ఇల్లు కట్టినన్నాళ్లూ అందులో రాశారు. సిమెంటు 40 బస్తాలు, తాపీ మేస్త్రికి అడ్వాన్సు, కూలీలకు టీ ఖర్చు 60 రూపాయలు కూడా. 46వ పేజీలో ఇలా ఉంది: "చి. అమ్మాయి పంపినవి 1,50,000 స్లాబుకి. లోను నిమిత్తం పెద్దవాడి పేరున పెట్టడమైనది. ముగ్గురికీ సమానం. అమ్మాయికి కూడా." "అమ్మాయికి కూడా" కింద రెండు గీతలు గీశారు. ఆ గీతలు చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తెనాలి_టీచర్

ఆ రెండు గీతల సంగతి చదివి నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయమ్మా.

పెద్దకొడుకు_1971

పన్ను "తలా ఇంత" అని ఆయనే అడిగాడంటే ఆయన మనసులోనూ ఇల్లు ముగ్గురిదే. మధ్యలో ఏదో కష్టం వచ్చి ఉంటుంది. నోటీసు ఇచ్చే ముందు ఒకసారి వెళ్లి కూర్చోండి. నోటీసు వచ్చిన రోజు మా అన్నదమ్ముల మధ్య ఏదో తెగిపోయింది, ఇంకా అతకలేదు.

నల్లకోటు_నెల్లూరు

ఇంత సాక్ష్యం చాలామందికి ఉండదు. పన్ను మెసేజ్‌లు ఆయన నడవడికకు సాక్ష్యం. పాత ఫోన్ పారేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి, 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద. బ్యాంకుకు ఈ వారమే అర్జీ పెట్టండి. 2006 నాటి ఖాతా రికార్డులు ఎల్లకాలం ఉంచరు.

పెద్దకొడుకు గారు చెప్పినట్టు మాట్లాడండి, మంచిదే. మాట్లాడుతూ ఏళ్లు గడపకండి. హక్కు తేల్చమని అడిగే దావాకు గడువు, కాదన్న రోజు నుంచి మూడేళ్లు అని ఎదుటివాళ్లు పట్టుబడతారు. సంవత్సరీకం తేదీ రాసుకోండి. ఈలోగా ఆయన ఇల్లు అమ్మేస్తే, మీ సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్న మూడో మనిషిని చట్టం కాపాడుతుంది. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, నెలకోసారి తీసి చూడండి. దావా వేశాక అమ్మితే కొన్నవాడు కూడా ఆ తీర్పుకు కట్టుబడాలి.

రాజీ కుదిరితే తెల్లకాగితం మీద సంతకాలు పెట్టి సరే అనుకోకండి. ఎప్పుడో నోటిమాటగా జరిగిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే వాటాలు పుడితే రిజిస్టర్ చేయాల్సిందే. దావా నడుస్తూ ఉంటే లోక్ అదాలత్‌లో రాజీ పెట్టుకోవచ్చు. అక్కడిచ్చే తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, కోర్టు ఫీజు తిరిగొస్తుంది, అప్పీలు ఉండదు.

లెస్టర్_తెలుగోడు

200 గజాల ఇల్లు మూడు ముక్కలు చేయలేరు కదా. ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బివ్వడమే దారి అనుకుంటా?

నల్లకోటు_నెల్లూరు

అవును. ముక్కలు చేయడం కుదరదంటే 1893 పార్టిషన్ యాక్టు కింద అమ్మి పంచమనొచ్చు, వాటాదారులే కొనుక్కోవచ్చు. ఒకరు తన వాటా బయటివాడికి అమ్మి, ఆ బయటివాడు పంచమని దావా వేస్తే, అదే చట్టం సెక్షన్ 4 కింద ఇంట్లోవాళ్లు ఆ వాటా తిరిగి కొనుక్కునే హక్కు కూడా ఉంది. నివాసపు ఇంట్లోకి పరాయివాడు వచ్చి కూర్చోకుండా.

ఒంగోలు_చిన్నమ్మాయి

వెళ్లొచ్చాను.

పెద్దన్నయ్య మొదట మాట్లాడలేదు. వదిన కాఫీ ఇచ్చింది. నేను పుస్తకం తీసి 46వ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను, నోటితో ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మళ్లీ మొదటి పేజీకి వెళ్లి ఒక్కో పేజీ తిప్పుతూ కూర్చున్నాడు. "టీ ఖర్చు కూడా రాశాడే నాన్న" అన్నాడు.

తర్వాత లోపలికెళ్లి లోను పాసుబుక్కులు తెచ్చాడు. 2007 నుంచి 2021 దాకా కట్టాడు, వడ్డీతో కలిపి 12 లక్షలు దాటింది. "ఇది ఎవరూ అడగలేదు, ఇల్లు మాత్రం అడిగారు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజంగా మేం అడగలేదు. పెద్దకొడుకు అన్నగారూ, మీరు ముందే చెప్పారు.

వచ్చే ఆదివారం మా పిన్ని ఇంట్లో ముగ్గురం కూర్చుంటున్నాం. చిన్నన్నయ్య సెలవు పెట్టాడు. ఒక ప్లీడరు గారిని కూడా రమ్మన్నాం. ముందు లోను లెక్క తీసి పక్కన పెట్టి, తర్వాత వాటాలు. ఇల్లు ఆయనే ఉంచుకుంటానంటే మాకిద్దరికీ అభ్యంతరం లేదు.

నల్లకోటు_నెల్లూరు

మంచిది. కుదిరింది ఆ రోజే రాయించండి, ఆ వారంలోనే రిజిస్టర్ చేయించండి. పుస్తకం అసలు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సే ఇవ్వండి.

ఒంగోలు_చిన్నమ్మాయి

జిరాక్సే ఇచ్చాను సార్. ఆ 46వ పేజీని మాత్రం వదిన తన ఫోన్లో ఫొటో తీసుకుంది.